ఏ ప్రాంతం ఎంత పేదది? మన దేశపు పేదరికం లెక్కలను చదివే పద్ధతి

మన దేశంలో పేదరికం గురించి ఏ చర్చ మొదలైనా నాలుగు మాటలు దొర్లేసరికి అది బిహార్‌కూ కేరళకూ మధ్య పోలికగా మారిపోతుంది. ఆ పోలికలో అబద్ధమేమీ లేదు. నీతి ఆయోగ్ 2023 జులైలో వెలువరించిన బహుముఖ పేదరిక సూచీ ప్రకారం 2019-21 నాటికి బిహార్ జనాభాలో 33.76 శాతం మంది పేదలు కాగా, కేరళలో ఆ వాటా 0.55 శాతమే. అయితే ఈ పోలిక చర్చను మొదలుపెట్టడానికి పనికొస్తుంది తప్ప ఎవరు, ఎక్కడ, ఎందుకు పేదలుగా ఉన్నారో తెలుసుకోవడానికి పెద్దగా పనికిరాదు. జిల్లా నివేదిక రాయవలసిన విద్యార్థికీ, గణాంకాల ఆధారంగా వార్త రాయవలసిన విలేకరికీ, పథకానికి ఏ మండలాలను ఎంచుకోవాలో తేల్చవలసిన స్వచ్ఛంద సంస్థ కార్యకర్తకూ రాష్ట్రాల పట్టిక ఒక్కటే చాలదు. ఆ పట్టికను దాటి కిందికి ఎలా దిగాలో, దిగేటప్పుడు ఎక్కడెక్కడ కాలు జారుతుందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు కొలబద్ద ఏదో తేల్చుకోవాలి

ఒక రాష్ట్రం పేదదని చెప్పే ముందు దేనితో కొలిచామో చెప్పాలి. మన దేశంలో ఇందుకు ప్రధానంగా మూడు కొలబద్దలు వాడుకలో ఉన్నాయి: కుటుంబాలు నెలకు ఎంత ఖర్చు చేస్తున్నాయన్న వినియోగ వ్యయం, ఆరోగ్యం-చదువు-జీవన ప్రమాణాలలో లోటును కొలిచే బహుముఖ పేదరిక సూచీ, రాష్ట్ర ఉత్పత్తిని జనాభాతో భాగించగా వచ్చే తలసరి ఆదాయం. ఈ మూడూ ఒకే దేశాన్ని మూడు రకాలుగా చూపిస్తాయి.

వినియోగ వ్యయం మీద ఆధారపడిన అధికారిక దారిద్ర్యరేఖ చివరిసారిగా 2011-12కు టెండూల్కర్ కమిటీ పద్ధతిలో లెక్కకట్టినదే. ఆ రేఖ దేశ సగటున గ్రామాల్లో మనిషికి నెలకు 816 రూపాయలు, పట్టణాల్లో 1,000 రూపాయలు. దాని కింద ఉన్నవారు జనాభాలో 21.9 శాతం. ఆ పట్టికలో రాష్ట్రాలన్నిటిలోకీ పేదది ఛత్తీస్‌గఢ్, దాదాపు 40 శాతం, బిహార్ 33.74 శాతంతో దానికి కొన్ని స్థానాల తర్వాత ఉంది. ఇప్పుడు 2015-16 బహుముఖ సూచీని తీసి చూడండి. బిహార్ దాదాపు 52 శాతంతో మొదటి స్థానానికి వచ్చింది, ఛత్తీస్‌గఢ్ 30 శాతం దగ్గర ఉంది. నాలుగేళ్లలో ఈ రెండు రాష్ట్రాల తలరాతలు తారుమారు కాలేదు, కొలబద్ద మారింది. చేతిలో ఆడే డబ్బును కొలిస్తే ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెలు అడుగున కనిపిస్తాయి. పిల్లల పోషణ, తల్లి ఆరోగ్యం, బడిలో గడిపిన ఏళ్లు, వంటచెరకు, మరుగుదొడ్డి వంటివి కలిపి కొలిస్తే బిహార్ అడుగున కనిపిస్తుంది. కాబట్టి ‘దేశంలో అత్యంత పేద రాష్ట్రం’ అన్న మాటను కొలబద్ద పేరూ, సంవత్సరమూ చెప్పకుండా రాయకూడదు.

దారిద్ర్యరేఖ విషయంలో మరొక సంగతి. ఆ రేఖ దేశమంతటా ఒకే అంకె కాదు. ధరల తేడాను బట్టి రాష్ట్రానికొకటి ఉంటుంది. 2011-12లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు 860 రూపాయలుగా ఉన్న రేఖ ఒడిశా గ్రామాలకు 695 రూపాయలే. రెండు రాష్ట్రాల ఖర్చును పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ తేడాను మరిచిపోతే ధర తక్కువగా ఉన్నచోటి మనిషి ఉన్నదానికంటే పేదగా కనిపిస్తాడు. రంగరాజన్ నిపుణుల బృందం 2014లో ఇచ్చిన నివేదిక అదే 2011-12కు గ్రామాల్లో 972, పట్టణాల్లో 1,407 రూపాయల రేఖ గీసి పేదలు 29.5 శాతమని తేల్చింది. అంటే రేఖను పైకి జరపగానే దాదాపు పది కోట్ల మంది దాని కిందికి వచ్చారు. రేఖకు అటూ ఇటూ ఎంతమంది కిక్కిరిసి నిలబడి ఉన్నారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

బహుముఖ సూచీని వాడదలచినవారు దాని లోపలి లెక్కను ఒక్కసారైనా చేత్తో వేసి చూడాలి. నీతి ఆయోగ్ సూచీలో పన్నెండు అంశాలున్నాయి. ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాలు అనే మూడు భాగాలకూ తలా మూడో వంతు బరువు. పోషణకు ఆరో వంతు, పిల్లల మరణాలకూ తల్లి ఆరోగ్యానికీ చెరి పన్నెండో వంతు. ఇంట్లో పదేళ్లు దాటిన ఒక్కరైనా ఆరేళ్ల చదువు పూర్తిచేశారా అన్నదానికి ఆరో వంతు, పిల్లలు బడికి పోతున్నారా అన్నదానికి ఆరో వంతు. వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, ఆస్తులు, బ్యాంకు ఖాతా అనే ఏడింటికీ ఒక్కొక్కదానికి ఇరవై ఒకటో వంతు. మొత్తం లోటు మూడో వంతుకు చేరితే ఆ ఇంట్లోవాళ్లందరూ పేదల కింద లెక్క. కట్టెల పొయ్యి, మట్టి ఇల్లు, మరుగుదొడ్డి లేకపోవడం, దూరం నుంచి మోసుకొచ్చే నీళ్లు, చెప్పుకోదగ్గ వస్తువులేవీ లేకపోవడం — ఈ అయిదూ ఉన్న కుటుంబం లోటు 5/21, అంటే 0.238. ఈ సూచీ దృష్టిలో ఆ కుటుంబం పేదది కాదు! అదే ఇంట్లో ఎవరూ ఆరేళ్లు చదవలేదని తేలితే లోటు 0.405 అయి కుటుంబం పేదల జాబితాలోకి వస్తుంది.

ఈ లెక్క వేసి చూసినవారికి ఒక విషయం తేలిగ్గా బోధపడుతుంది. మరుగుదొడ్డి, కరెంటు, బ్యాంకు ఖాతా, గ్యాస్ బండ ఒక పథకంతో రెండు మూడేళ్లలో ఇంటికి వస్తాయి. పోషణ, చదివిన ఏళ్లు అలా రావు. దేశంలో బహుముఖ పేదల వాటా 2015-16లోని 24.85 శాతం నుంచి 2019-21 నాటికి 14.96 శాతానికి దిగిందన్నప్పుడు అందులో ఏ అంశం ఎంత దిగిందో విడదీసి చూడాలి. దిగడం నిజమే, అయితే అన్ని అంశాలూ ఒకే వేగంతో దిగలేదు. పక్కనే పెట్టుకోవలసిన ఇంకో అంకె: ఈ సూచీకి ఆధారమైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో (2019-21) ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. రక్తహీనత ఆ పన్నెండు అంశాల్లో లేదు. అందువల్ల రాష్ట్రపు పేదరికం 6.06 శాతమని ఒక పుట చెబుతుంటే, మరో పుటలో సగానికి పైగా ఆడవాళ్లు రక్తం చాలక నీరసపడి ఉన్నారు. రెండు అంకెలూ నిజమే.

ఇక తలసరి ఆదాయం. ప్రాంతీయ పేదరికాన్ని కొలవడానికి నా దృష్టిలో ఇది అన్నిటికంటే బలహీనమైన సాధనం. జిల్లా స్థాయిలో వాడితే పూర్తిగా దారి తప్పిస్తుంది. తెలంగాణలో తలసరి ఆదాయం అత్యధికంగా ఉన్న జిల్లా రంగారెడ్డి. గచ్చిబౌలి, రాయదుర్గం కార్యాలయాలలో పుట్టే విలువంతా ఆ జిల్లా ఖాతాలోకే వెళుతుంది. అదే జిల్లా దక్షిణపు అంచున మాడుగులలో పత్తి చేను చేసుకునే రైతుకు ఆ విలువతో ఉన్న సంబంధం ఏమిటి? భాగహారంలో అతడి తల కూడా ఒకటి, అంతే. ఆదాయం ఎక్కడ పుట్టిందో ఈ అంకె చెబుతుంది కానీ ఎవరి ఇంటికి చేరిందో చెప్పదు. గుజరాత్ ఉదాహరణ కూడా చూడండి. తలసరి ఆదాయంలో రాజస్థాన్ కంటే ఎంతో పైనున్న ఆ రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 39 శాతం, రాజస్థాన్‌లో 31.8 శాతం.

రేషన్ కార్డుల సంఖ్యను పేదల సంఖ్యగా వాడే అలవాటు మన పత్రికల్లో ఉంది. తెలంగాణలో ఆ కార్డుకు ఆదాయ పరిమితి గ్రామాల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు; ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాల్లో నెలకు పది వేలు, పట్టణాల్లో పన్నెండు వేలు. అవి సంక్షేమ పథకాల అర్హతకు ఆయా ప్రభుత్వాలు పెట్టుకున్న గీతలు. వాటిని దారిద్ర్యరేఖతో కలపకూడదు.

శాతమూ సంఖ్యా రెండూ రాయాలి

ఉత్తరప్రదేశ్‌లో బహుముఖ పేదలు 22.93 శాతం, మేఘాలయలో 27.79 శాతం. శాతాల వరుసలో మేఘాలయ కింద ఉంటుంది. కానీ ఉత్తరప్రదేశ్ జనాభా 2021 అంచనాల ప్రకారం సుమారు 23 కోట్లు, మేఘాలయది సుమారు 33 లక్షలు. గుణించి చూస్తే ఒకచోట అయిదు కోట్లకు పైగా, మరోచోట తొమ్మిది లక్షల చిల్లర. నిధులు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు సంఖ్య, ఒక పసిబిడ్డ ఏ ఊళ్లో పుడితే పేదరికంలో పుట్టే అవకాశం ఎక్కువన్న ప్రశ్నకు శాతం జవాబు చెబుతాయి. ఏ ప్రశ్న అడుగుతున్నామో ముందు మనకు తెలిసి ఉండాలి.

రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగిపోకూడదు

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. రాష్ట్రపు సగటు ఒక పెద్ద దుప్పటి లాంటిది. దాని కింద ఏముందో ఎత్తి చూస్తేనే తెలుస్తుంది. నీతి ఆయోగ్ 2021 నవంబరులో ఇచ్చిన మొదటి నివేదికలో 2015-16 సర్వే ఆధారంగా జిల్లాల అంకెలు కూడా ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో శ్రావస్తి జిల్లాలో బహుముఖ పేదలు సుమారు 74 శాతం, అదే రాష్ట్రపు రాజధాని లక్నోలో సుమారు 12 శాతం. మధ్యప్రదేశ్‌లో అలీరాజ్‌పూర్ 70 శాతం పైన. బిహార్‌లో కిషన్‌గంజ్ దాదాపు 65, పట్నా 30 లోపు. మహారాష్ట్రను సంపన్న రాష్ట్రమంటాం, అందులోని నందుర్బార్‌లో సగం మందికి పైగా పేదలే. కర్ణాటక సగటు సుమారు 13 శాతమైతే యాద్గిర్‌లో 40 శాతం దాటింది.

ఈ జిల్లాల పేర్లను రాష్ట్రాలవారీ జాబితాగా కాక, దేశపటం మీద చుక్కలుగా పెట్టి చూడమని నా సలహా. ఒక ఖాళీ జిల్లాల పటం తీసుకుని పెన్సిలుతో గుర్తులు పెడితే అరగంట పని. అప్పుడు కనిపించేది వేరే దేశం. అలీరాజ్‌పూర్, ఝాబువా మధ్యప్రదేశ్‌లో ఉన్నాయి. వాటికి ఆనుకుని దాహోద్ గుజరాత్‌లో, నందుర్బార్ మహారాష్ట్రలో, బాంస్‌వాడా రాజస్థాన్‌లో ఉన్నాయి. నాలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, నాలుగు రకాల పథకాలు. నేల మాత్రం ఒక్కటే, భిల్లు ఆదివాసుల కొండనేల. శ్రావస్తి, బహ్రాయిచ్, బలరామ్‌పూర్ జిల్లాలు నేపాల్ సరిహద్దు వెంబడి తరాయి (హిమాలయాల దిగువ పల్లపు నేల) పట్టీలో వరుసగా ఉంటాయి. ఒడిశాలో పూర్వపు కోరాపుట్, బలాంగీర్, కలహండి జిల్లాలను 1990ల మొదట్లో ఎనిమిదిగా విడగొట్టారు. వాటిలో మల్కాన్‌గిరి, కోరాపుట్, రాయగడ మన అల్లూరి, మన్యం జిల్లాల కొండలతో భుజం భుజం కలిపి ఉన్నాయి. అంటే మన దేశంలో పేదరికం రాష్ట్రాలుగా కంటే పట్టీలుగా విస్తరించి ఉంది, ఆ పట్టీలు చాలావరకు రాష్ట్రాల అంచుల్లో, రాజధానులకు బాగా దూరంగా పడి ఉన్నాయి.

మన దగ్గరున్న ఇటువంటి పట్టీ ఒకదాన్ని తీసుకుని పద్ధతిని అమలుచేసి చూద్దాం. కృష్ణ, తుంగభద్రల చుట్టుపక్కల ఉన్న మెట్టప్రాంతం: కర్ణాటకలో యాద్గిర్, రాయచూర్, తెలంగాణలో నారాయణపేట, గద్వాల వైపు, ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడబూరు, ఆదోని. మూడు రాష్ట్రాలు, ఒకే రకం వాన, ఒకే రకం వలస. దీని గురించి రాయాలంటే మొదట జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా పత్రాలు తెరవాలి. అయిదో విడతలో ప్రతి జిల్లాకూ 104 సూచికలతో ఒక పత్రం ఉంది. తెరవగానే మొదటి అడ్డంకి ఎదురవుతుంది: నారాయణపేటకు విడిగా పత్రం లేదు. ఆ సర్వే 2017 మార్చి నాటికి ఉన్న 707 జిల్లాలను తీసుకుంది. నారాయణపేట జిల్లా 2019లో ఏర్పడింది. దాని సమాచారం మహబూబ్‌నగర్‌లో కలిసిపోయి ఉంది.

కర్నూలుది ఇంకో రకం చిక్కు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు నంద్యాల విడిపోయింది. సర్వే నాటి కర్నూలు అంటే కె.సి. కాలువ కింద వరి పండే నంద్యాల వైపు పల్లెలూ, ఆకాశం వంక చూసే ఆదోని వైపు పల్లెలూ కలిసిన జిల్లా. ఆ రెంటి సగటు ఏ ఊరినీ చూపించదు. పాత విశాఖపట్నం జిల్లా అయితే మరీ ఘోరం: ఓడరేవూ, ఉక్కు కర్మాగారమూ ఉన్న నగరాన్నీ, పాడేరు, చింతపల్లి మన్యాన్నీ ఒకే అంకెలో కలిపి ఏళ్ల తరబడి చదివాం. అల్లూరి సీతారామరాజు జిల్లా విడిగా ఏర్పడ్డాక రాబోయే సర్వేలలో ఆ సగటు కింద దాగినదేదో కొంత బయటపడుతుంది. అందుకని పాత జిల్లా అంకెను కొత్త జిల్లాకు అంటగట్టకూడదు. ‘పూర్వపు కర్నూలు జిల్లా (2019)’ అని స్పష్టంగా రాయాలి.

మండల స్థాయికి దిగాలంటే పెద్ద సర్వేలు సాయపడవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత దేశమంతటా సుమారు 6.37 లక్షల కుటుంబాలను పలకరించింది. జిల్లాకు సగటున తొమ్మిది వందల ఇళ్లు. గృహ వినియోగ వ్యయ సర్వే 2022-23లో తీసుకున్నది దేశం మొత్తానికి 2,61,746 కుటుంబాలు. దానితో రాష్ట్రాన్ని, మహా అయితే రాష్ట్రంలోని పెద్ద భాగాలను పోల్చవచ్చు. మండలానికి దిగడానికి మిగిలేవి జనగణన, సామాజిక-ఆర్థిక-కుల గణన, వ్యవసాయ శాఖ పంట-నీటి వివరాలు, బడుల హాజరు, ఉపాధి హామీ పనిదినాలు. జనగణన 2011 తర్వాత జరగలేదు, తదుపరి జనాభా లెక్క 2027కు నిర్ణయమైంది. పాతదైనా 2011 జనగణనలో ఊరివారీగా ఇళ్ల పైకప్పు, తాగునీటి దూరం, అక్షరాస్యత, వ్యవసాయ కూలీల వాటా దొరుకుతాయి. ఈ చివరి అంశం చాలా విలువైనది: ఒక ఊళ్లో పనిచేసేవారిలో సాగుదారులు ఎందరు, కూలీలు ఎందరు అన్న నిష్పత్తి ఆ ఊరి ఆర్థిక స్థితిని చాలా నివేదికల కంటే నిజాయితీగా చెబుతుంది.

రెండు సంవత్సరాలను పోల్చేటప్పుడు

2015-16లో ఆంధ్రప్రదేశ్ 11.77 శాతం, తెలంగాణ 13.18 శాతం, 2019-21లో ఆంధ్రప్రదేశ్ 6.06 శాతం, తెలంగాణ 5.88 శాతం. ‘ఆంధ్రను దాటేసిన తెలంగాణ’ అని శీర్షిక పెట్టాలని ఎవరికైనా చేయి దురద పెడుతుంది. ఒకప్పుడు నేనూ అలాంటి వాక్యమే రాశాను. నమూనా సర్వేలో 0.18 శాతం తేడాకు అర్థం లేదని గణాంకశాస్త్రం చదివిన మిత్రుడు ఓపికగా చెప్పాక దాన్ని కొట్టివేయవలసి వచ్చింది. రెండు రాష్ట్రాలూ సుమారు ఆరు శాతం దగ్గర ఉన్నాయి, రెంటిలోనూ పేదరికం సగానికి తగ్గింది — ఆ అంకెలు చెప్పగలిగింది అంతవరకే.

ఇంకో చిన్న మెలిక కొత్తవారిని తరచుగా పడేస్తుంది. 2021 నివేదికలో అదే 2015-16కు ఆంధ్రప్రదేశ్ అంకె 12.31, తెలంగాణది 13.74, దేశానిది 25.01 అని ఉంటుంది. 2023 నివేదిక వచ్చేసరికి 2015-16 అంకెలను కొద్దిగా సవరించారు. కాబట్టి మొదటి అంకెను ఒక నివేదిక నుంచీ, రెండో అంకెను మరో నివేదిక నుంచీ తీసుకోకూడదు. రెండూ ఒకే పుస్తకం నుంచి రావాలి.

సర్వే ఏ నెలల్లో జరిగిందో కూడా చూడాలి. అయిదో విడత కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, బిహార్, కేరళ, కర్ణాటకల్లో 2019 మధ్యలో మొదలై 2020 తొలి వారాలకల్లా, అంటే కరోనాకు ముందే ముగిసింది. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, ఝార్ఖండ్, రాజస్థాన్‌లలో 2020 జనవరిలో మొదలై లాక్‌డౌన్ వల్ల ఆగి 2021 ఏప్రిల్ దాకా సాగింది. పట్టికలో రెంటికీ ‘2019-21’ అనే ఒకే తలకట్టు ఉంటుంది, కానీ కాలం ఒకటి కాదు.

వినియోగ వ్యయ సర్వేలను కూడా 2011-12తో నేరుగా పోల్చకూడదు. 2017-18 సర్వే ఫలితాలను ప్రభుత్వం విడుదల చేయలేదు. 2022-23లో ప్రశ్నావళినీ, ఇంటికి వెళ్లే విధానాన్నీ మార్చారు. ఆ ఏడాది లోపల రాష్ట్రాలను పోల్చుకోవడానికి మాత్రం అది చక్కగా పనికొస్తుంది. గ్రామీణ తలసరి నెలవారీ వ్యయం దేశ సగటున 3,773 రూపాయలైతే, ఛత్తీస్‌గఢ్‌లో 2,466, సిక్కింలో 7,731. ఆంధ్రప్రదేశ్ 4,870, తెలంగాణ 4,802. పల్లెల్లో దాదాపు సమానంగా ఉన్న ఈ రెండూ పట్టణాల దగ్గర విడిపోతాయి: ఆంధ్రప్రదేశ్ 6,782, తెలంగాణ 8,158. ఆ తేడాలో హైదరాబాద్ ఎంత ఉందో వేరే చెప్పనక్కరలేదు.

తాళం వేసిన ఇళ్లు

లెక్కలన్నీ ఇళ్ల దగ్గర మొదలవుతాయి. ఇంటికి తాళం ఉంటే? కోసిగి వైపు ఒక ఊరికి జనవరి నెలలో వెళ్లిన రోజు నాకు బాగా గుర్తుంది. వీధి మొత్తంలో తెరిచి ఉన్న తలుపులు ఏడో ఎనిమిదో. ఒక అరుగు మీద ముసలామె కూర్చుని పక్కింటి కోళ్లకు కూడా తానే గింజలు వేస్తోంది, ఎందుకంటే పక్కింటివాళ్లు ‘సుగ్గికి’ పోయారు. గుంటూరు వైపు మిరపకోతకు పోవడాన్ని అక్కడ ఆ మాటతోనే చెబుతారు. లారీలో బియ్యం మూట, పొయ్యి, పరుపుచుట్ట, చంటిపిల్లలు, ఒక్కోసారి మేక కూడా ఎక్కి వెళతాయి. బడిలో హాజరు పట్టీ చూస్తే సంక్రాంతికి ముందు నుంచే వరుసగా గైర్హాజరు గీతలు. పేర్లు మాత్రం పట్టీలోనే ఉన్నాయి, కాబట్టి రాష్ట్రపు లెక్కలో ఆ పిల్లలందరూ బడిలో చేరినవారే. ‘మూడు నెలలు పోతేనే అప్పు తీరేది నాయనా’ అంది ఆమె. ఆ వ్యవహారం ఏ పట్టికలోనూ ఏ గడిలోనూ పడదు.

తెలంగాణలో ఇటుక బట్టీలకు వచ్చే బలాంగీర్, నువాపడా కుటుంబాల సంగతి ఇంతకంటే చిక్కు. ఒడిశాలో నువాఖాయి పండుగ గడిచాక మధ్యవర్తి నుంచి అడ్వాన్సు తీసుకుని, దసరా-దీపావళుల నాటికి బయలుదేరి, తిరిగి వానలకు ముందు ఇంటికి చేరతారు. భార్యాభర్తలూ ఒక బిడ్డా కలిసి ఒక పని జట్టు, దానికి వాళ్ల మాటల్లో ‘పథురియా’ అని పేరు. వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి. ఆ ఎనిమిది నెలలూ వాళ్లు ఉండేది బట్టీ పక్కన నడుం వంచి దూరవలసిన, పచ్చి ఇటుకలు పేర్చి కట్టిన గుడిసెలో. వాళ్ల పేదరికం ఒడిశాదా, తెలంగాణదా? రేషన్ కార్డు అక్కడ, ఆకలి ఇక్కడ. సర్వే బృందం బలాంగీర్‌లో వెళ్లేసరికి ఇల్లు మూసి ఉంటుంది, ఇక్కడికి వచ్చేసరికి బట్టీ గుడిసె ఇళ్ల జాబితాలో ఉండకపోవచ్చు. అందువల్ల వలస ఎక్కువగా ఉన్న జిల్లా అంకెను వాడేటప్పుడు ఆ సర్వే ఏ నెలల్లో జరిగిందో, ఆ ప్రాంతపు వలస నెలలు ఏవో పక్కపక్కన రాసి చూసుకోవాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ఆ అంకెలో బాగా పేదవాళ్లే తప్పిపోయి ఉండే ప్రమాదం ఉంది.

కారణాలు రాసేటప్పుడు

అంకెలు సరిగా తీసినవారు కూడా కారణాల దగ్గర తొందరపడతారు. ఒక్క కారణంతో ఏ ప్రాంతమూ పేదది కాలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. గోదావరి, కృష్ణా డెల్టాలకు ఆ నీళ్లు ఇచ్చిన నూట డెబ్బై ఏళ్ల ముందంజను అనంతపురం ఏ పథకంతో అందుకోగలదు, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో? కానీ నీళ్లే సమస్తమనుకుంటే గంగా మైదానంలో నదుల మధ్య ఉన్న బిహార్ ఎందుకు పేదదో చెప్పలేం. అక్కడ 1793 శాశ్వత శిస్తు ఒప్పందంతో స్థిరపడ్డ జమీందారీ, కోసి నది వరదలు, చదరపు కిలోమీటరుకు వెయ్యి దాటిన జనసాంద్రత కలిశాయి. ఉక్కు, బొగ్గు వంటివాటికి దేశమంతటా రవాణా ఖర్చు ఒకేలా ఉండేలా కేంద్రం 1950లలో తెచ్చి 1990ల మొదటిదాకా నడిపిన విధానం వల్ల, గనులు ఝార్ఖండ్ నేలలోనే ఉన్నా చాలా కర్మాగారాలు పశ్చిమ తీరానికి పోయాయి. అక్కడ శుభ్రమైన వంట ఇంధనం వాడే ఇళ్లు 2019-21లో కూడా 31.9 శాతమే, తెలంగాణలో 91.8 శాతం. బొగ్గు తవ్వే నేలమీద కట్టెల పొయ్యి పొగ అన్నమాట.

జమీందారీ కారణాన్ని కూడా మన దగ్గర పరీక్షించి చూడాలి. విజయనగరం, బొబ్బిలి జమీందారీలున్న ఉత్తరాంధ్ర వెనుకబడింది కాబట్టి ఆ సూత్రం సరిపోయిందనిపిస్తుంది. రాయలసీమలో బ్రిటిష్ కలెక్టరు మన్రో కాలం నుంచీ రైతువారీయే (శిస్తును నేరుగా రైతు నుంచే తీసుకునే పద్ధతి), అయినా అక్కడి బతుకు తేలిక కాలేదు. ఒక ప్రాంతంలో కుదిరిన వివరణను పక్క ప్రాంతంలో పెట్టి చూడడం, కుదరకపోతే ఆ మాట దాచకుండా రాయడం మంచి అలవాటు.

ప్రాంతం వెనుక మనుషులు కూడా ఉన్నారని గుర్తుంచుకోవాలి. కేరళ 2025 నవంబరు 1న అత్యంత పేదరికం లేని రాష్ట్రంగా ప్రకటించుకుంది; అంతకు ముందు వార్డుల్లో తిరిగి 64,006 కుటుంబాలను పేరుపేరునా గుర్తించి ఒక్కొక్కదానికి విడివిడిగా ప్రణాళిక వేసింది. ఆ ప్రకటన మీద వాదాలు వేరు, ఆ పద్ధతి మాత్రం నేర్చుకోదగ్గది. అయినా అదే రాష్ట్రంలో అట్టప్పాడి ఆదివాసీ పల్లెల్లో శిశుమరణాలు ఎన్నోసార్లు వార్తలకెక్కాయి. జిల్లా అంకె తీసిన తర్వాత, అందులో షెడ్యూల్డు తెగలు, షెడ్యూల్డు కులాలు, భూమి లేనివారి వాటా ఎంతో చూడకపోతే ‘వెనుకబడిన ప్రాంతం’ అనే మాట కింద ఆ ప్రాంతంలోని వెనుకబడిన మనుషులు మళ్లీ కనబడకుండా పోతారు. 2018 జనవరిలో మొదలైన ఆకాంక్షిత జిల్లాల జాబితాలో 112 జిల్లాలున్నాయి, మన వైపు నుంచి అప్పటి సరిహద్దుల ప్రకారం విజయనగరం, విశాఖపట్నం, కడప, ఆసిఫాబాద్, భూపాలపల్లి, ఖమ్మం-కొత్తగూడెం వైపు జిల్లాలు. దాన్ని పేద జిల్లాల వరుసగా చదవకూడదు. ఆరోగ్యం, చదువు, సాగు, బ్యాంకింగ్, వసతుల వంటి వాటిలో ప్రగతిని కొలవడానికి ఎంపిక చేసిన జాబితా అది.

నివేదిక రాయడానికి కూర్చున్నప్పుడు ప్రతి అంకె పక్కన కొలబద్ద, సంవత్సరం, నాటి సరిహద్దు అనే మూడు మాటలు ముందు పెన్సిలుతో రాసుకోండి. ఈ మూడింట్లో ఏది రాయలేకపోయినా ఆ అంకెను పక్కన పెట్టండి. జిల్లాను ఎప్పుడూ ఒంటరిగా చూపించకండి. దాని సొంత రాష్ట్రపు సగటుతో ఒకసారి, సరిహద్దుకు అవతల ఉన్న పక్క జిల్లాతో మరోసారి పోల్చండి. నారాయణపేటను హైదరాబాద్‌తో పోలిస్తే తెలిసేది తక్కువ; యాద్గిర్‌తో పోలిస్తే, ఒకే వాన కురిసే నేలలో రెండు ప్రభుత్వాలు ఏం చేశాయో తెలుస్తుంది. ఊళ్లకు వెళ్లే వీలుంటే రెండుసార్లు వెళ్లండి: ఒకసారి విత్తనాలప్పుడు, ఒకసారి జనవరిలో. రెండోసారి వెళ్లినప్పుడు వీధిలో తాళం వేసిన తలుపులను లెక్కపెట్టి, ఆ అంకెను కూడా పట్టికలో ఒక గడిలో రాయండి.